పొడుగు అన్నయ్య, పొట్టి ఇల్లు

పిల్లలూ! మీలో ఎవరైనా తరగతిలో అందరికంటే పొడుగ్గా వుండి, ఎప్పుడూ వెనక బల్ల మీదనే కూర్చోవలసి వచ్చినవాళ్ళు వున్నారా? వుంటే ఈ నాలుగు ముక్కలూ ముందుగా మీకోసమే రాస్తున్నాను. పొట్టివాళ్ళు కూడా చదవవచ్చు. మీ ఇళ్ళలో పొడుగువాళ్ళు ఎవరో ఒకరు వుండకపోరు గదా!

మా అన్నయ్యకు 74 ఏళ్ళు. పడుచుతనంలో ఆయన ఎత్తు 6 అడుగుల 3 అంగుళాలు. ఆత్రేయపురంలో మా వీధిలో ఆయనను అందరూ "తాటిచెట్టు" అనేవారు. కొబ్బరిచెట్ల ఊరిలో తాటిచెట్టు ఒక్కటే వుంటే ఎలా కనిపిస్తుందో మీరే ఊహించుకోండి. ఆయన ఇప్పుడు హైదరాబాదులో కొడుకు దగ్గర వుంటున్నాడు. ఆరేళ్ళుగా ఊరికి రాలేదు. రావాలని లేక కాదు, రాలేక.

రైలులో పడుకుంటే ఆయన పాదాలు బల్ల దాటి నడిచే దారిలోకి వస్తాయి. ఆ దారిన పోయే ప్రతివాడూ వాటిని తగులుకుంటూ పోతాడు. కారులో కూర్చుంటే మోకాళ్ళు ముందు సీటుకు నొక్కుకుంటాయి. దానికి తోడు నడుమునొప్పి. వైద్యుడు కూడా, "కాళ్ళు ముడుచుకుని గంటల తరబడి కూర్చోవద్దు, నడుమ నడుమ లేచి తిరగండి" అని గట్టిగా చెప్పాడు.

ఎందుకు చెప్పాడో తెలుసా? గుండె రక్తాన్ని కాళ్ళలోకి తోస్తుంది. ఆ రక్తం మళ్ళీ పైకి ఎక్కాలంటే పిక్కలలోని కండరాలు సాయం చెయ్యాలి. మనం నడిచినప్పుడల్లా అవి సిరలను నొక్కి రక్తాన్ని పైకి నెడతాయి. సిరల లోపల చిన్న చిన్న తలుపుల వంటివి వుండి, పైకి పోయిన రక్తాన్ని కిందికి జారనివ్వవు. కదలకుండా కూర్చుంటే ఈ పని మందగిస్తుంది. ఒక్కొక్కసారి రక్తం గడ్డ కట్టే ప్రమాదం కూడా వున్నది. పొడుగు మనుషులలో రక్తం ఎక్కవలసిన దూరం ఎక్కువ గనక వాళ్ళకు ఈ ముప్పు కొంచెం అధికమని వైద్యులు చెబుతారు. ఈ తలుపుల మాట గుర్తుంచుకోండి. దారిలో మళ్ళీ పనికివస్తుంది.

ఇలా వుండగా, మా పాత మండువా లోగిలి విప్పక తప్పని రోజు వచ్చింది. దూలాలకు చెద పట్టింది, ఒక పక్క గోడ ఒరిగింది. సంక్రాంతి వెళ్ళిన నెలకు ముహూర్తం పెట్టుకున్నాము. ఆ సంగతి విని అన్నయ్య ఫోనులో చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "ఒక్క రాత్రి ఆ ఇంట్లో పడుకోవాలిరా," అన్నాడు.

మర్నాడు వాళ్ళ అబ్బాయి నాకు ఫోను చేశాడు. "బాబాయ్, నా స్నేహితుడి దగ్గర ఒక మోటారు ఇల్లు వున్నది. వానులోనే పడక, పొయ్యి, చిన్న మరుగుదొడ్డి అమర్చారు. నాన్నను అందులో తీసుకురావాలని వున్నది. కాని అది చిన్నది. నాన్న అందులో పడతారా? మీరు లెక్కల మేష్టారు గదా, లెక్కవేసి చెప్పండి."

"పెద్దది దొరకదా?" అన్నాను.

"దొరుకుతుంది. కాని పెద్ద బండి మన కాలువగట్టు మీద తిరగదు. ఎదురుగా ట్రాక్టరు వస్తే ఏం చేస్తాం?"

అదీ నిజమే. బండి ఎత్తయితే లోపల మనిషి నిలబడవచ్చు గాని, గాలికి ఊగుతుంది, గట్టు మలుపులలో ఒరుగుతుంది, కిందికి వాలిన కొమ్మలకు తగులుతుంది.

ఇది కొత్త చిక్కేమీ కాదు. మా తాతగారి కాలంలో మా డెల్టాలో ప్రయాణమంటే పడవే. సర్ ఆర్థర్ కాటన్ పూనికతో 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట సంగతి మీరు పాఠాలలో చదివే వుంటారు. ఆ ఆనకట్ట నుంచి తీసిన కాలువలు పొలాలకు నీరివ్వటమే గాక పడవలకు రహదారులు కూడా అయినాయి. కాకినాడలో పడవ ఎక్కినవాడు కాలువల మీదుగానే ధవళేశ్వరం, ఏలూరు, బెజవాడ చేరి, అక్కడి నుంచి బకింగ్‌హాం కాలువలో చెన్నపట్నం దాకా పోగలిగేవాడు. గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తేవారు. లేకుంటే మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవారు. దూర ప్రయాణం చేసేవాళ్ళు పడవలోనే వండుకుని, అందులోనే పడుకునేవారు. అంటే గూటి పడవ నీటి మీది మోటారు ఇల్లన్నమాట, మోటారు ఒక్కటే తక్కువ. ఆ గూడు ఎత్తుగా కడితే గాలికి పడవ ఒరుగుతుంది, వంతెనల కింద దూరదు. అందుకని లోపల వంగి నడవవలసిందే. మా తాతగారు కూడా పొడగరే. ఆయన గూటిలో పడుకోలేక పైకి వచ్చి బస్తాల మీద పడుకునేవారని మా నాన్న చెప్పేవాడు.

సరే, లెక్కకు వద్దాము. "ముందు కొలతలు పంపు," అన్నాను. "బండివీ, మీ నాన్నవీ."

వచ్చిన కొలతలు ఇవి. పడక బండిలో అడ్డంగా, ఈ గోడ నుంచి ఆ గోడకు వున్నది. దాని పొడవు 68 అంగుళాలు, వెడల్పు 54 అంగుళాలు. లోపలి ఎత్తు 67 అంగుళాలు. నడుమ మాత్రం పైకప్పులో ఒక ముక్క మూతలాగా పైకి లేస్తుంది, అక్కడ నిలువెత్తు మనిషి తల దాచుకోవచ్చు. ఇక అన్నయ్య ఎత్తు 74 అంగుళాలు.

"తప్పు కొలిచాడు, నేను 75," అని అన్నయ్య వెనక నుంచి అరిచాడు. తప్పు కాదు. వెన్నుపూసల మధ్య మెత్తని బిళ్ళలు వుంటాయి. వయసు పెరిగినకొద్దీ అవి పలచబడి మనిషి కొంత పొట్టి అవుతాడు. ఆ మాట ఆయనకు నచ్చలేదు.

68 అంగుళాల పడక మీద 74 అంగుళాల మనిషి తిన్నగా పట్టడు. మరి మూలకు మూల పడుకుంటే? ఇప్పుడు పెద్ద తరగతులవాళ్ళు పెన్సిలు తియ్యండి. 68ని 68తో గుణిస్తే 4624. 54ని 54తో గుణిస్తే 2916. రెండూ కలిపితే 7540. దాని వర్గమూలం 87కు కొంచెం తక్కువ. కాబట్టి మూలకు మూల దాదాపు 87 అంగుళాలు వున్నది. "ఇంకేం! అన్నయ్య పడతాడు, పైగా దాదాపు 13 అంగుళాలు మిగులుతుంది," అని మీరు అంటారు. నేనూ మొదట అదే అన్నాను. ఫోను పెట్టేసిన తరవాత గాని నా పొరపాటు నాకు తెలియలేదు.

మనిషి గీత కాడు గదా! ఆయనకు భుజాల వెడల్పు వున్నది. అది 18 అంగుళాలు అనుకోండి. 18 అంగుళాల వెడల్పు గల బల్లచెక్క ఒకటి ఆ పడక మీద ఏటవాలుగా పెడితే, 70 అంగుళాలకు మించి పట్టదు. మూలలు గోడలకు తగులుకుంటాయి. నమ్మకపోతే చేసి చూడండి. అంగుళానికి 2 మిల్లీమీటర్ల చొప్పున 136 మిల్లీమీటర్ల పొడవు, 108 మిల్లీమీటర్ల వెడల్పు వున్న కాగితం కత్తిరించండి. అది పడక. అట్టతో 36 మిల్లీమీటర్ల వెడల్పు ముక్క కత్తిరించి దాని మీద తిప్పి చూడండి.

కాని మనిషి బల్లచెక్క కూడా కాడు. తల దగ్గర సన్నం, పాదాల దగ్గర సన్నం. నేను 148 మిల్లీమీటర్ల అట్టబొమ్మ ఒకటి చేశాను. తల, భుజాలు, కాళ్ళు అన్నీ కొలతకు సరిగా పెట్టాను. దానిని కాగితం పడక మీద మూలకు మూల పెడితే, పట్టింది! తలకూ పాదాలకూ కలిపి ఒక్క వేలు సందు మాత్రం మిగిలింది. కాని రెండో బొమ్మకు చోటు లేదు. ఇద్దరు పడుకునే పడక అని అమ్మినా, పొడుగువాడు ఒక్కడు పడుకుంటే అది ఒకరి పడకే. ఇలాంటి బండి కొనబోయే పెద్దలు ఈ సంగతి ముందుగా ఆలోచించాలి. మా వదిన ఎత్తు అయిదడుగులే. ఆమెకు ముందున్న బెంచీ చాలుతుందని తేలింది.

ఈ చిక్కు ఐరోపాలోనూ వున్నది. జర్మనీలో వెస్ట్‌ఫాలియా సంస్థ 1951లోనే ఫోక్స్‌వాగన్ వానులో పడక, అలమర అమర్చుకునే సామగ్రి తయారుచేసింది. పైకి లేచే కప్పులు ఆ తరవాత వచ్చాయి. ఈ రోజుల్లో అక్కడ చాలామంది ఫియట్ డుకాటో వానును ఇల్లుగా మార్చుకుంటారు. దాని లోపలి వెడల్పు 187 సెంటీమీటర్లు, అంటే ఆరడుగుల పైచిలుకు. అందుకే అందులో అడ్డంగా పడక వెయ్యటం సాధ్యమయింది. అయినా గోడలకు పలకలు, చలి ఆపే పొరలు అమర్చేసరికి అందులో కొంత పోతుంది. ఆరడుగులు దాటినవాళ్ళు అక్కడ కూడా మూలకు మూల పడుకోవలసిందే. లేదా పడకను నిలువుగా వేసుకుని, కూర్చునే చోటు పోగొట్టుకోవలసిందే.

"పడతారు. తీసుకురా," అని చెప్పాను.

వాళ్ళు తెల్లవారుజామున హైదరాబాదులో బయలుదేరారు. విజయవాడ, ఏలూరు, తణుకు మీదుగా వచ్చి, సిద్ధాంతం దగ్గర వశిష్ఠ దాటి, రావులపాలెంలో ఎడమకు తిరగాలి. నాలుగు వందల కిలోమీటర్లకు పైమాట. నేను లొల్ల లాకుల దగ్గర ఎదురుచూస్తూ కూర్చున్నాను. సినిమాలలో మీరు ఈ లాకులు చూసే వుంటారు. చుట్టూ చెట్లు, నీటి చప్పుడు. బొబ్బర్లంక దగ్గర బయలుదేరిన మధ్య డెల్టా కాలువ ఆత్రేయపురం మీదుగా ఇక్కడికి వచ్చి పాయలుగా చీలుతుంది. మాఘమాసం గనక కాలువ నిండా నీళ్ళు. దాళ్వా చేలు పచ్చగా వున్నాయి. మీరు వస్తే ఆ రోజుల్లోనే రండి. మండువేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు, అప్పుడు చూసేదేమీ వుండదు.

లాకు ఎలా పనిచేస్తుందో చెబుతాను. ఎగువ నీరు ఎత్తుగా, దిగువ నీరు పల్లంగా వుంటుంది. పడవను ఒక్కసారిగా దింపితే బోల్తా పడుతుంది. అందుకని మధ్యన ఒక గది కట్టి, రెండు చివరలా తలుపులు పెడతారు. దిగువ తలుపులు మూసి, గదిని ఎగువ నీటితో నింపుతారు. పడవ లోపలికి వస్తుంది. ఎగువ తలుపులు మూసి, గదిలో నీటిని మెల్లగా దిగువకు వదులుతారు. నీటితోపాటు పడవా దిగుతుంది. అప్పుడు దిగువ తలుపులు తెరుస్తారు. ఆ తలుపు రెక్కలు రెండూ ఎగువకు ముక్కు పెట్టి కలుసుకుంటాయి. అందువల్ల నీరు ఎంత గట్టిగా తోస్తే అవి అంత గట్టిగా మూసుకుంటాయి. సిరలలోని తలుపులకూ ఇదే ఉపాయం. పాత పడవల రాకపోకలు ఇప్పుడు దాదాపు లేవు గాని, నీటిని పంచే పని మాత్రం లాకులు చేస్తూనే వున్నాయి.

సాయంత్రం నాలుగు దాటాక బండి వచ్చింది. తలుపు తీసుకుని అన్నయ్య ముందు ఒక కాలు, తరవాత రెండో కాలు, ఆ తరవాత తల బయటపెట్టాడు. దిగి, వొళ్ళు విరుచుకుని, కాలువ వంక చూస్తూ నిలబడ్డాడు. నేను పలకరించలేదు. కాసేపటికి తనే, "నీ లెక్కంతా పడక గురించే. సీటు గురించి అడిగావుట్రా?" అన్నాడు.

నా నోట మాట రాలేదు. నిజమే! బండి కదులుతున్నప్పుడు పడక మీద పడుకోకూడదు. బెల్టు పెట్టుకుని కూర్చోవలసిందే. పగలంతా గడిచేది సీటులోనే గదా! ముందు సీటును వెనక్కు జరుపుదామంటే, దాని వెనకనే పొయ్యి పెట్టిన బీరువా వున్నది. సీటు నాలుగు వేళ్ళు కూడా జరగలేదు. సూర్యాపేట దాటేసరికి ఆయన మోకాళ్ళు పట్టేశాయి. చివరకు వదినను ముందుకు పంపి, ఆయన వెనక బెంచీ మీద కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు. అక్కడ ఎదురుగా ఏమీ లేదు గనక కాళ్ళు చాపుకోవటానికి వీలయింది. గంట గంటన్నరకు ఒకసారి ఆగి నడిచారు. అందుకే అంత ఆలస్యం.

నేను నలభై ఏళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి. వెనక బల్ల మీది పొడుగు కుర్రాళ్ళు కాళ్ళు దారిలోకి చాపితే, "ముడుచుకుని కూర్చో!" అని ఎంతమందిని కసిరానో లెక్కలేదు. బల్ల కింద వాళ్ళ మోకాళ్ళకు చోటున్నదా అని ఒక్కరోజు కూడా వంగి చూడలేదు. లొల్ల లాకుల దగ్గర ఆ సాయంత్రం ఆ సంగతి గుర్తుకు వచ్చి సిగ్గు వేసింది.

ఆ రాత్రి బండి మా దొడ్లో కొబ్బరిచెట్ల కింద పెట్టాము. ఊరికి రాగానే లోగిట్లోకి వెళ్ళాలని అన్నయ్యకు ఆత్రంగానే వున్నది. కాని చీకటి పడింది, వొళ్ళు అలిసింది. "రేపు," అన్నాడు. పైకప్పు మూత ఎత్తి, దోమతెర కట్టాము. కాలువ మీది చల్లగాలి లోపలికి వచ్చింది. మూలకు మూల దుప్పటి పరిచాము. బాగానే పట్టాడు. నేను గెలిచాననుకుని వెళ్ళి పడుకున్నాను.

తెల్లవారి వెళ్ళేసరికి ఆయన పక్క మీద కూర్చుని వున్నాడు. "తెల్లవారుజామున బొటనవేలు గోడకు తగిలి మెలకువ వచ్చిందిరా. రాత్రి తగలలేదు. బండి చిన్నదయిందా?" అన్నాడు.

బండి చిన్నది కాలేదు, అన్నయ్యే పెద్దవాడయ్యాడు! పగలంతా మన బరువుకు వెన్నుపూసల మధ్య బిళ్ళలు నలిగి పలచబడతాయి. రాత్రి పడుకున్నప్పుడు మళ్ళీ నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. అందువల్ల ప్రతి మనిషీ ఉదయం లేచేటప్పటికి సెంటీమీటరు, ఒక్కొక్కసారి అంతకంటే కొంచెం ఎక్కువ పొడుగు వుంటాడు. వాళ్ళ అబ్బాయి కొలిచింది సాయంత్రం పూట! మీరూ గోడ మీద గీతలు పెట్టి చూసుకోండి. లేచీ లేవగానే ఒకటి, పడుకునేముందు ఒకటి. మంచం కొనేటప్పుడు పొద్దుటి కొలత తీసుకోమని మీ నాన్నగారికి చెప్పండి.

మరుగుదొడ్డి సంగతి కూడా చెప్పాలి. నవ్వకండి. మా లోగిట్లోది పాతకాలపుది, గొంతుక్కూర్చోవాలి. అన్నయ్య మోకాళ్ళకు అది సాధ్యం కాదు. అందుకే బంధువులు రమ్మన్నా ఇన్నాళ్ళూ రాలేదని అప్పుడు గాని చెప్పలేదు. బండిలో కుర్చీలాంటి దొడ్డి వున్నది. కాని ఆ గది ఎంత ఇరుకంటే, ఆయన కూర్చుంటే మోకాళ్ళు తలుపుకు తగిలి తలుపు మూయటానికి వీల్లేదు. వదిన తలుపుకు బదులు ఒక తువ్వాలు కట్టింది. అంతటితో ఆ చిక్కు తీరింది.

ఆ ఉదయం అన్నయ్యకు పూతరేకులు తినాలనిపించింది. మా ఊరి పేరు దేశమంతా తెలిసింది వీటివల్లనే గదా! 2023లో వీటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఎదురింటి ఆవిడ, "ఆయ్! రండి, కూర్చోండి," అని పీట వెయ్యబోయి, ఆయనను చూసి కుర్చీ తెచ్చింది. బోర్లించిన కుండ కింద కొబ్బరాకు మంట. పలచటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి కుండ మీద లాగేసరికి, కళ్ళముందే ఉల్లిపొర వంటి రేకు తయారవుతుంది. కుండంత వెడల్పు రేకును నెయ్యి రాసి, పంచదార చల్లి, మడిచి మడిచి అరచేతిలో పట్టేటట్టు చేస్తుంది. అన్నయ్య అది చూస్తూ, "నన్ను ఇలా మడవగలిగితే మీ బండి చాలును," అన్నాడు కొడుకుతో.

రెండో రాత్రి లోగిట్లో పడుకున్నాడు. మండువా పక్కన వసారాలో పాత నవారు మంచం వేశాము. దానికి కాళ్ళ వైపు అడ్డుపట్టె లేదు, పాదాలు హాయిగా బయటికి వేలాడతాయి. గదిలోకి వెళ్ళేటప్పుడు మాత్రం, ఎవరూ చెప్పకుండానే ఆయన తల వంచాడు. ఆ గుమ్మం ఎత్తు అయిదున్నర అడుగులే. పద్దెనిమిదో ఏట పరుగెత్తుకుంటూ వచ్చి దానికి నుదురు కొట్టుకున్నాడు. గుమ్మం పైచెక్కకు చిన్న సొట్ట పడిందనీ, అది తన తల వల్లనే అనీ అంటాడు. మా నాన్న, "ఆ సొట్ట ముందు నుంచీ వున్నదే," అనేవాడు. ఇద్దరూ ఆ వాదన ఎన్నడూ తేల్చుకోలేదు. ఆ రాత్రి నాకు మెలకువ వచ్చి చూస్తే, అన్నయ్య ఆ గుమ్మం దగ్గర నిలబడి, చీకట్లో చేత్తో ఆ చెక్క తడుముతున్నాడు.

తరవాతి రాత్రులు బండిలోనే పడుకున్నాడు. ముహూర్తం రోజున పెంకులు దింపారు. ఆ మర్నాడు గుమ్మాలు విప్పటం మొదలుపెట్టారు. ఆ పైచెక్క కిందికి దింపగానే, అన్నయ్య, "దీన్ని నేను తీసుకుపోతానురా," అన్నాడు. మంచి టేకు. పొడవు 78 అంగుళాలు. బండిలో ఎక్కడ పెడతామని వాళ్ళ అబ్బాయి తల గోక్కున్నాడు. దాని వెడల్పు 6 అంగుళాలు. ఈసారి నేను గీతతో లెక్క వెయ్యలేదు. ముందుగా అట్టముక్క కత్తిరించి చూశాను.

మూలకు మూల పట్టింది. బండి కదిలితే జారకుండా దాన్ని తాళ్ళతో పడకకు బిగించి కట్టాము. అన్నయ్య ఆ చెక్కను చూసి, "దానికి మోకాళ్ళ నొప్పులు లేవు, అదృష్టవంతురాలు," అని, వెనక బెంచీ మీద కాళ్ళు చాపుకుని బెల్టు పెట్టుకున్నాడు.